ఐవీఎఫ్ సక్సెస్ రేటు: దేంట్లో ఎంత శాతం? (అపోహలు - వాస్తవాలు)

"ఫలానా చోట డెబ్బై శాతం అంటున్నారండి, మీ దగ్గరెంత?" ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుగా, అంటే గుడ్డునీ వీర్యకణాన్నీ బయట కలిపి పిండాలు పెంచేదాన్ని చూసుకునే పనిలో, నాకు మాటిమాటికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది బంగారం తాకట్టు పెట్టి వస్తారు. అలాంటివాళ్లు హోర్డింగ్ మీద అంకె చూసి సెంటర్ మారిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: శాతం ఎక్కువున్న సెంటరే మంచిది.

వాస్తవం: దేంట్లో శాతం అని అడగనిదే ఆ అంకెకు అర్థం లేదు. లెక్క కోసం, వందమంది ఇంజెక్షన్లు మొదలుపెట్టారనుకోండి. గుడ్లు సరిగా పెరగక పదిమంది ఆగిపోయారు. పికప్ (గుడ్లు బయటికి తీయడం) అయిన తొంభైమందిలో ఇరవైమందికి ట్రాన్స్‌ఫర్‌కు, అంటే గర్భసంచిలో పెట్టడానికి, పనికొచ్చే పిండం రాలేదు. మిగతా డెబ్బైమందిలో నలభైమందికి బీటా (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనబడింది ముప్పైరెండు మందికి, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లింది ఇరవైఆరు మంది. నలభైని డెబ్బైతో భాగిస్తే 57 శాతం, ఇరవైఆరుని వందతో భాగిస్తే 26 శాతం. సెంటర్ అదే, పేషెంట్లూ వాళ్లే. రొయ్యల చెరువు చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, వేసిన సీడ్ ఎంత, పట్టుబడిలో వచ్చింది ఎంత అని చూసే కదా సర్వైవల్ కడతారు, మధ్యలో పోయినవి లెక్కలోంచి తీసేస్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇక వయసు. బ్రిటన్ లెక్కల్లో సొంత గుడ్లతో, 35 లోపువాళ్లకు ట్రాన్స్‌ఫర్ చేసిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టే అవకాశం సుమారు మూడోవంతు, 43 దాటాక అది ఇరవైలో ఒకటి దగ్గరికి పడిపోతుంది. కష్టమైన కేసులు తీసుకోని సెంటర్‌కు శాతం దానంతటదే పెరుగుతుంది. డోనర్ గుడ్ల ఫలితాలు కలిపేసినా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ పనిచేసేది డోనర్ వయసు. అమెరికాలో సెంటర్ల ఫలితాలు బయటపెట్టాలని 1992లోనే చట్టం చేశారు. మనకు 2021లో ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు ఏఆర్‌టీ చట్టం వచ్చింది, సెంటర్లు రిజిస్టర్ కావడం తప్పనిసరైంది, కాబట్టి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూసుకోండి. తర్వాత ఒక్కటే అడగండి: "నా వయసువాళ్లలో, సొంత గుడ్లతో, మొదలుపెట్టిన వందమందిలో ఎంతమందికి బిడ్డ పుట్టింది?" దీనికి సూటిగా జవాబు చెప్పేవాళ్లను నేను నమ్ముతాను.

కోనసీమ నుంచి ఒకావిడ వచ్చారు, నలభై దాటాయి. మొదట చూపించుకున్న చోట రెండు మంచి బ్లాస్టోసిస్టులు (ఐదారు రోజులు పెరిగిన పిండాలు) ఫ్రీజింగులో ఉన్నాయి, అవీ ఆవిడ వయసు ఇంకా తక్కువున్నప్పటివి. ఒక ట్రాన్స్‌ఫర్ ఫెయిలయిందని, ఆడపడుచు ఇంకెక్కడో పెద్ద అంకె చూపించిందని, వాటిని వదిలేసి మళ్లీ ఇంజెక్షన్ల నుంచి మొదలెడతామన్నారు. అంత డబ్బు, అంత నొప్పి, పైగా ఇప్పటి గుడ్లతో! ముందు ఆ రెండూ వాడుకోండమ్మా అని మా డాక్టరుగారు వెనక్కి పంపారు. ఫైలు చూడకుండా సలహా చెప్పే చుట్టాల మీద నాకు కోపమే, కానీ ఆవిడ టెన్షన్ అర్థం చేసుకోగలను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

నలభై శాతం చొప్పున మూడుసార్లు చేస్తే ఖాయం అనుకోకండి. ప్రతిసారీ అదే అవకాశం ఉందనుకున్నా మొత్తం 78 శాతమే అవుతుంది.

రెండు పిండాలు పెడితే విజయం రెట్టింపు కాదు. కవలలు, నెలలు నిండని కాన్పు మాత్రం పెరుగుతాయి.

లోపం ఎప్పుడూ ఆడమనిషిదే అనడం పచ్చి అబద్ధం. వీర్యపరీక్ష మొదటి రోజే చేయించండి.

రోడ్డు కుదుపులకు పిండం జారిపోతుందని రాజమండ్రిలో గది తీసుకుని మంచం దిగకుండా పడుకునేవాళ్లున్నారు. బెడ్‌రెస్ట్ వల్ల ఫలితం మెరుగుపడదని పరిశోధనల్లో తేలింది. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, బస్సెక్కి ఇంటికి వెళ్లొచ్చు. ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి ఇచ్చే హార్మోన్ మందు) మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆపకండి, బ్లీడింగ్ కనబడినా సరే, ముందు ఫోన్ చేసి అడగండి.