శ్రీహరికోటకి రాకెట్ చూడ్డానికి వెళ్తున్నారా? గోదావరి జిల్లాల వాళ్ల అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికో, వేసవి సెలవులకో పిల్లలు ఊళ్లకి చేరగానే మా ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్లు మొదలవుతాయి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం ఎక్కడి నుంచైనా ప్రశ్న ఒకటే: "ఏవండీ, ఫలానా తారీఖున రాకెట్ ఎగురుతుందంట. తెల్లారగట్ల బయల్దేరి చూసేసి, రాత్రికి ఇంటికొచ్చేయొచ్చా?" పిల్లలకి రాకెట్ చూపించాలన్న ఆశ మంచిదే. నమ్మకూడనివి నమ్మి డబ్బు, సెలవులు పోగొట్టుకుంటుంటేనే బాధేస్తుంది.

అపోహ: పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

కుదరదండి. శ్రీహరికోటకి వెళ్లాలంటే దిగాల్సిన ఊరు సూళ్లూరుపేట. రాజమండ్రి నుంచి అది దాదాపు 500 కిలోమీటర్లు. 16వ నంబరు హైవే మీద ఎంత బాగా వెళ్లినా, టీకి, భోజనానికి ఆగితే ఒక వైపే 9, 10 గంటలు. కోనసీమ వాళ్లు చించినాడ వంతెన దాటి 216వ నంబరు రోడ్డులో మచిలీపట్నం, బాపట్ల మీదుగా ఒంగోలు దగ్గర పెద్ద హైవే ఎక్కొచ్చు గానీ టైము పెద్దగా కలిసిరాదు. రాత్రి ప్రయాణం, పగలు ప్రయోగం, మళ్లీ రాత్రి ప్రయాణం అన్నట్టు లెక్కేసుకోండి. రైలైతే కాకినాడ నుంచి భీమవరం, గుడివాడ మీదుగా వెళ్లే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అందులో బెర్తు దొరక్కపోతే గూడూరులో ఆగే ఏ చెన్నై రైలైనా ఎక్కి, అక్కడి నుంచి ప్యాసింజరులోనో బస్సులోనో సూళ్లూరుపేట చేరొచ్చు. చెన్నైలో చుట్టాలుంటే ఇంకా సులువు, అక్కడి నుంచి సూళ్లూరుపేటకి లోకల్ రైళ్లు ఉన్నాయి.

అపోహ: ఇస్రో తేదీ ప్రకటించిందంటే ఆ రోజు ఎగిరినట్టే.

అందరినీ ముంచేది ఇదే. టీవీలో తేదీ రాగానే తత్కాల్లో టికెట్లు తీసేస్తారు, మర్నాడు పొద్దున్నకి తిరుమల దర్శనం పెట్టుకుంటారు, ఆ మర్నాటికి హైదరాబాదు నుంచి విమానం. ఎక్కడా ఒక్క పూట ఖాళీ ఉండదు. ప్రయోగం ఒక్క రోజు వాయిదా పడితే చాలు, మొత్తం కూలిపోతుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే రూపాయి వెనక్కి రాదు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టుకి రద్దూ లేదు, తేదీ మార్పూ లేదు.

జరిగినవే చూడండి. చంద్రయాన్-2 ప్రయోగం 2019 జులై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి. సరిగ్గా 56 నిమిషాల ముందు సాంకేతిక లోపంతో ఆపేశారు. ఎగిరింది వారం తర్వాత, జులై 22 మధ్యాహ్నం. 2024 డిసెంబరు 4న పీఎస్ఎల్వీ-సీ59ని ఇంకా గంట కూడా లేదనగా వాయిదా వేశారు. అక్కడ లోపం రాకెట్టులో కాదు, అది మోసుకెళ్లాల్సిన ఉపగ్రహంలో. మర్నాడు సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకి పంపారు. అంటే డిసెంబరు 4 రాత్రికే తిరుగు రైలు పెట్టుకున్నవాళ్లకి చూసే వీల్లేదు, ఒక్క రోజు ఆగగలిగినవాళ్లకి దక్కింది.

"కౌంట్‌డౌన్ మొదలైందండి, ఇంకేం ఆగదు" అని కూడా అంటారు. కౌంట్‌డౌన్ సుమారు ఒక రోజు ముందే మొదలవుతుంది. రాకెట్టులో ఇంధనం నింపడం, ఒక్కో వ్యవస్థనీ పరీక్షించడం అప్పుడే. లోపాలు బయటపడేదీ అప్పుడే. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం చేసిన టీవీ-డీ1 పరీక్ష 2023 అక్టోబరు 21న సరిగ్గా 5 సెకన్లు ఉందనగా ఆగింది. కారణం కనుక్కుని సరిచేసి అదే రోజు పొద్దున 10 గంటలకి ఎగరేశారు. కాబట్టి ఆగిందనగానే సంచీ సర్దుకుని లేవకండి. ఫలానా రోజుకి వాయిదా అని అధికారికంగా చెప్పేదాకా కూర్చోండి.

నోటామ్ వచ్చింది కాబట్టి తేదీ ఖాయం అని యూట్యూబులో చెప్పేవాళ్లని నమ్మొద్దు. విమానాలు ఆ దారిన రాకూడదని ఇచ్చే హెచ్చరిక అది, చాలాసార్లు కొన్ని రోజుల వ్యవధికి కలిపి ఇస్తారు. అందులో మొదటి రోజే ప్రయోగం రోజు అనుకోవడం పొరపాటు.

వాన సంగతి మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. మనకి ముసురు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరు, తిరుపతి తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. తుఫానులూ అప్పుడే. దసరా సెలవుల్లో, క్రిస్మస్ సెలవుల్లో వెళ్లేవాళ్లు ఇంకో రోజు ఎక్కువ ఖాళీ పెట్టుకోవాలి. నేల మీద చినుకు లేకపోయినా, పైన గాలులు ఎక్కువున్నా మెరుపుల భయమున్నా ఆపుతారు.

మరి ఎలా ప్లాన్ చేయాలి? రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ప్రయోగం తేదీ కచ్చితంగా తెలిసేది చాలాసార్లు అంతకన్నా బాగా ఆలస్యంగా. అందుకని రాకెట్ కోసం యాత్ర పెట్టుకోకండి. యాత్రలో రాకెట్టుకి చోటు ఉంచండి. తిరుపతో నెల్లూరో మకాం చేసుకుని, ప్రకటించిన తేదీ తర్వాత కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచండి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట రెండు, రెండున్నర గంటలు. దర్శనం తేదీ కదలదు కాబట్టి ముందు దాన్ని ఖాయం చేసుకోండి. గది రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చేలా తీసుకోండి. బండి మాట్లాడుకునేటప్పుడే అడగండి: ఒక రోజు అదనంగా ఆగితే కనీస కిలోమీటర్లు ఎన్ని కడతారు, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆగినందుకు ఎంత అని. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. ఖాళీ రోజు మిగిలిపోతే పక్కనే నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది, పులికాట్ ఉంది. చలికాలమైతే ఫ్లెమింగోలని చూసి పిల్లలు రాకెట్ సంగతే మర్చిపోతారు.

అపోహ: పాస్ కావాలంటే లోపల ఎవరైనా తెలిసుండాలి, లేదా డబ్బు కట్టాలి.

2019 నుంచి షార్‌లో, అంటే శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రంలో, మామూలు జనానికి లాంచ్ వ్యూ గ్యాలరీ ఉంది. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఇస్రో వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ తెరుస్తారు. ఉచితం. మనిషికింత అని ఎవరడిగినా అది మోసమే. సీట్లు త్వరగా అయిపోతాయి, అందుకని ఇంట్లో అందరి పేర్లు, ఆధార్ నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పిల్లల పేర్లు కూడా. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే కొట్టండి, వెళ్లేటప్పుడు అసలు కార్డు పట్టుకెళ్లండి. రిజిస్ట్రేషన్ తెరిచారో లేదో చూడకుండా మాత్రం బయల్దేరొద్దు.

పాస్ దొరకలేదా? సూళ్లూరుపేట నుంచి షార్‌కి పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్లే రోడ్డు ఒక్కటే, సుమారు 18 కిలోమీటర్లు. ఆ రోజు పోలీసులు ఎక్కడిదాకా వదిలితే అక్కడ ఆగి చూడాలి, వాళ్లతో వాదన వద్దు. తమిళనాడు వైపు పళవేర్కాడు తీరం నుంచి కూడా కనిపిస్తుంది. మన టాక్సీకి తమిళనాడులోకి వెళ్లే పర్మిట్ ఉందో లేదో ముందే చూసుకోండి.

అపోహ: చాలాసేపు కనిపిస్తుంది.

ఆకాశం తేటగా ఉంటే రెండు, మూడు నిమిషాలు. మబ్బు కిందుగా ఉంటే పది, పదిహేను సెకన్లలో దూరిపోతుంది. చెట్ల పైనుంచి ముందు తెల్లటి పొగ, ఆ వెంటనే కళ్లు చికిలించుకోవాల్సినంత వెలుగు. అప్పటికి చప్పుడు ఉండదు. చాలామంది "ఏంటి, శబ్దం లేదు" అనుకుంటూ ఫోనులోకి చూస్తారు. కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది శబ్దం. వచ్చినప్పుడు చెవికన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, అందుకని చెవులు మూసి ఒళ్లో పెట్టుకోండి. వీడియో తీయాలంటే ఫోనుని ఎక్కడో ఆనించి వదిలేసి, మీరు కళ్లతో చూడండి.

మిగతావి గబగబా. పొగ మీదికొచ్చి పిల్లలకి జబ్బు చేస్తుందని భయపడే అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటారు. జనాన్ని సురక్షితమైన దూరం దాటి లోపలికి రానివ్వరు కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. వాళ్లకి అసలు ఇబ్బంది ఎండ, నడక, గంటల కొద్దీ కూర్చోవడం. టోపీ, నీళ్లు, రోజూ వేసుకునే మందులు దగ్గరుండాలి. రాత్రి ప్రయోగమైతే మన అంతర్వేది నుంచే చూడొచ్చంటారు. పీఎస్ఎల్వీ ఎక్కువగా ఆగ్నేయం, దక్షిణం వైపు, అంటే మనకి దూరంగా పోతుంది. దాన్ని నమ్ముకుని పిల్లలకి మాటివ్వకండి.

తిరుగు రైలు మాత్రం ప్రయోగం అయిన అయిదు గంటల తర్వాతే చూసుకోండి. వేలమంది ఒకేసారి ఆ ఒక్క రోడ్డు మీదికే వస్తారు, 18 కిలోమీటర్లకి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యలో హోటళ్లుండవు కాబట్టి పులిహోర పొట్లాలు బండిలోనే ఉంచుకోండి.