లినక్స్‌లో ఎక్స్‌టెన్షన్ ఎక్కడ పెట్టాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఉబుంటులో, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఆప్ట్‌తో, అంటే సాఫ్ట్‌వేర్ వేసే కమాండ్‌తో వేశామనీ, ఇన్‌స్టాల్ అయిందని టెర్మినల్ చెప్పినా ఫైర్‌ఫాక్స్‌లో దాని జాడే లేదనీ రాశారు. కమాండ్‌లో తప్పేమీ లేదర్రా, అది చేరిన చోటే వేరు.

ఆప్ట్ ఎక్స్‌టెన్షన్‌ను యూఎస్ఆర్ కింద షేర్ ఫోల్డర్‌లో పెడుతుంది. ఉబుంటుకు మూలమైన డెబియన్ లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ అక్కడ వెతుకుతుంది కాబట్టి ఆ యంత్రం వాడే అందరికీ కనిపిస్తుంది. ఉబుంటు 22.04 నుంచి మాత్రం ఫైర్‌ఫాక్స్ వచ్చేది స్నాప్ రూపంలో. స్నాప్ అంటే తలుపు వేసిన గది. లోపలున్న బ్రౌజర్‌కు మీ యూఎస్ఆర్ ఫోల్డర్ కనబడదు, దాని యూఎస్ఆర్ దానికే ఉంటుంది. ఆప్ట్‌తో వేసిన ఆ ప్యాకేజీని సుడో ఆప్ట్ రిమూవ్‌తో తీసేయండి (సుడో అంటే కమాండ్‌ను సిస్టమ్ అధికారంతో నడపడం), ఊరికే ఉంచుకోవడం దేనికి?

మీకు సరిపడేది మీ ప్రొఫైల్, అంటే ఫైర్‌ఫాక్స్ మీ సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు దాచుకునే ఫోల్డర్. మెనూలో యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్ (కొత్త వెర్షన్లలో ఎక్స్‌టెన్షన్స్ అండ్ థీమ్స్) తెరిచి, పేరు వెతికి, యాడ్ టు ఫైర్‌ఫాక్స్ నొక్కండి. పాస్‌వర్డ్ అడగదు, ఎందుకంటే ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లోకే వస్తుంది. కళ్లారా చూడాలంటే హెల్ప్‌లో మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌కు వెళ్లి, ప్రొఫైల్ డైరెక్టరీ వరుసలో ఓపెన్ డైరెక్టరీ నొక్కండి. అందులో ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డర్, దానిలో ఎక్స్‌పీఐతో ముగిసే ఫైలు ఉంటాయి. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు ఒక్కో ఫైలు. దారి గుర్తుపెట్టుకోవద్దు, స్నాప్‌కు ఒకటి, స్నాప్ లాంటిదే అయిన ఫ్లాట్‌ప్యాక్‌కు ఒకటి, మామూలు ఫైర్‌ఫాక్స్‌కు మరొకటి. ఆ బటన్ ఎప్పుడూ సరైన చోటికే తీసుకెళ్తుంది. ఇలా వేసినదానికి కొత్త వెర్షన్ వచ్చిందేమో బ్రౌజరే రోజుకోసారి చూసుకుంటుంది. ఆప్ట్‌తో వేసినదైతే సిస్టమ్ అప్‌డేట్ చేసేదాకా కదలదు.

ఒక చిక్కుంది. అక్కకూ తమ్ముడికీ వేర్వేరు లాగిన్లుంటే అక్క వేసింది తమ్ముడికి రాదు. ఇద్దరే కాబట్టి ఎవరిది వాళ్లు వేసుకుంటే పోతుంది. బడి ల్యాబ్‌లో 30 యంత్రాలకు వేయాలంటే మాత్రం బ్రౌజర్‌కు అందరి తరఫునా నియమాలు చెప్పే పాలసీ ఫైలే దారి. సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే ఈటీసీ ఫోల్డర్ కింద ఫైర్‌ఫాక్స్, దాని కింద పాలసీస్ ఫోల్డర్ చేసి, అందులో పాలసీస్ డాట్ జేసన్ పెడతారు. స్నాప్ ఫైర్‌ఫాక్స్ కూడా దీన్ని చదువుతుంది, ఆ గదికి ఉన్న ఒక కిటికీ ఇది. ఎక్స్‌టెన్షన్ ఐడీ, దించుకోవాల్సిన లింకు రాసి, ఫోర్స్ ఇన్‌స్టాల్డ్ అని పెడితే పిల్లలెవరూ తీసేయలేరు. నార్మల్ ఇన్‌స్టాల్డ్ అంటే ఆపుకోగలరు గానీ తీసేయలేరు. ఒక్క కామా ఎక్కువైనా ఫైలు మొత్తం పనిచేయదు. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, పాలసీస్ కలిపి కొడితే తప్పేమిటో చూపిస్తుంది. ఫైలుకు 644 అనుమతి, అంటే అందరూ చదవగలిగే అనుమతి, ఉందో లేదో కూడా చూడండి. 600 ఉంటే రూట్ (యంత్రం మొత్తానికి అధికారమున్న ఖాతా) తప్ప ఎవరూ చదవలేరు.

క్రోమ్‌లోనూ పద్ధతి ఇదే, ఫోల్డర్లే వేరు. అక్కడ ఎక్స్‌టెన్షన్ పేరు బదులు 32 ఇంగ్లిష్ అక్షరాల ఐడీ ఉంటుంది, చూసి వైరస్ అనుకోకండి.

ఏది చేసినా సుడో పెట్టి ఫైర్‌ఫాక్స్ తెరవకండి. కొత్త ఫైర్‌ఫాక్స్ చాలాసార్లు అలా తెరుచుకోవడానికే ఒప్పుకోదు. తెరుచుకుంటే మాత్రం ఎక్స్‌టెన్షన్ రూట్ ప్రొఫైల్‌లోకైనా పోతుంది, లేదా మీ ప్రొఫైల్ ఫైళ్లకు యజమాని రూట్ అయిపోయి, మర్నాడు మీ బ్రౌజర్ తెరుచుకోకపోవచ్చు. ఇప్పటికే అలా చేసి ఉంటే ఆ ప్రొఫైల్ ఫోల్డర్‌ను, యజమానిని మార్చే సుడో సీహెచ్ఓన్ కమాండ్‌తో, హైఫన్ పెద్ద ఆర్ చేర్చి, మళ్లీ మీ పేరు మీదికి మార్చుకోండి.

మీ
పెదనాన్న