అడవి కొండల్లో రోడ్డు సైక్లింగ్: ఎక్కడం గురించి భయం, దిగడం గురించి ధీమా

గ్రూప్ రైడ్‌లకు రూట్లు తయారుచేసేది నేనే. చెట్లు దట్టంగా ఉన్న కొండ పార్కుల్లో తారు రోడ్డు మీద తొక్కుదాం అనగానే కొత్తవాళ్లు ముందు "ఎన్ని కిలోమీటర్లు?" అంటారు, తర్వాత "నేను ఎక్కగలనా?" అంటారు. "దిగగలనా?" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా గ్రూపులో తగిలిన దెబ్బలన్నీ మాత్రం దిగేటప్పుడు తగిలినవే.

అపోహ: 40 కిలోమీటర్లేగా, రోజూ తొక్కేదే.

వాస్తవం: కొండల్లో దూరం ఒక్కటే చూస్తే మోసపోతాం. అదే 40 కిలోమీటర్లలో 200 మీటర్లు ఎక్కే రూటూ ఉంటుంది, 900 మీటర్లు ఎక్కే రూటూ ఉంటుంది. ఆ 900 కూడా ఒకే పెద్ద ఎక్కుడా, లేక ముప్పై చిన్న గుట్టలా అన్నది చూడాలి. పెద్ద ఎక్కుడైతే ఒక గేరులో కుదురుకుని ఊపిరి సర్దుకుంటాం. చిన్న గుట్ట కనబడితే "ఇంతేగా" అని సీటు మీంచి లేచి తొక్కేస్తాం, మళ్లీ ఇంకోటి, మళ్లీ ఇంకోటి, పదో గుట్టకల్లా కాళ్లలో ఏమీ మిగలదు. మ్యాప్ చూసేటప్పుడు నేను ముందు వాగులు వెతుకుతాను. వాగు పక్కనే పోయే రోడ్డు చాలావరకు మెల్లగా ఎక్కుతుంది, వాగుల్ని అడ్డంగా దాటుతూ పోయే రోడ్డు మాత్రం ప్రతి వాగు దగ్గరా దిగి మళ్లీ ఎక్కిస్తుంది.

ఒకే రూటుకి రెండు యాప్‌లు రెండు లెక్కలు చెబితే కంగారు పడకండి. ఎత్తు డేటాను ఒక్కో యాప్ ఒక్కోలా సర్దుతుంది, పైగా కొన్ని ఉపగ్రహ కొలతల్లో నేల ఎత్తుతో పాటు చెట్ల ఎత్తు కూడా కొంత కలిసిపోతుంది.

అపోహ: సగటు వాలు 5 శాతమే, తేలికే.

వాస్తవం: 5 శాతం అంటే 100 మీటర్లకి 5 మీటర్లు, 4 కిలోమీటర్లకి 200 మీటర్లు. మధ్యలో ఒక కిలోమీటరు చదునుగా ఉందనుకోండి, ఆ 200 మీటర్లూ మిగతా 3 కిలోమీటర్లలోనే ఎక్కాలి. అప్పుడది దాదాపు 6.7 శాతం. అందులోనూ ఎక్కడో ఒకచోట 12 దాకా నిలబడి ఉంటుంది, మనల్ని దింపి నడిపించేది అదే. సగటు కాదు, గ్రాఫ్‌లో అన్నిటికన్నా నిటారుగా ఉన్న 500 మీటర్లు చూడండి.

అపోహ: ఎక్కాలంటే తేలికైన ఖరీదైన సైకిల్ కావాలి.

వాస్తవం: మనిషి, సైకిల్, నీళ్లు అన్నీ కలిపి 80 కిలోలు అనుకుందాం. సైకిల్లో ఒక కిలో తగ్గిస్తే 20 నిమిషాల ఎక్కుడులో ఓ 15 సెకన్లు కలిసొస్తాయి. అంతే. డబ్బు పెట్టాలనుకుంటే వెనక గేర్ల సెట్టు మార్చండి. ముందు 34 పళ్లు, వెనక పెద్దది 28 అయితే నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పినా గంటకు 9 కిలోమీటర్ల పైన పోవాల్సిందే, 10 శాతం వాలులో బరువు ఎత్తడానికే 200 వాట్లు కావాలి. వెనక 34 పెడితే అదే తిప్పుడికి 165 చాలు. మోకాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇంకోమాట, గేరు వాలు మొదలవ్వకముందే మార్చాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైను టకటకమని ఊడిపోవచ్చు, బూట్ల అడుగున ఉండే క్లీట్లు (పెడల్‌కి తగులుకునే కొక్కేలు) పెడల్‌లో ఇరుక్కుని ఉంటే అక్కడే పక్కకి ఒరుగుతారు.

అపోహ: దిగుడంటే రెస్ట్, బ్రేకు కొంచెం పట్టుకుని కూర్చుంటే చాలు.

వాస్తవం: నా మోచేతి మీద మచ్చ ఉంది, దీని గురించే. మూడు మలుపులు ఎండలో, పొడి రోడ్డు మీద హాయిగా దిగాను. నాలుగోది చెట్ల నీడలోకి తిరిగింది. ఎండలోంచి నీడలోకి వెళ్లగానే కళ్లు సర్దుకోవడానికి కాసేపు పడుతుంది కదా, ఆ కాసేపట్లో రోడ్డు అంచున పల్చగా పట్టిన పచ్చటి నాచు నాకు తారులాగే కనబడింది. సైకిల్ అప్పటికే వంగి ఉంది, భయంతో ముందు బ్రేకు నొక్కాను. ముందు చక్రం అలా జారిపోయింది, నేను ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఉన్నాను.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించడం, తిరిగేటప్పుడు వదిలేయడం. కిందిదాకా బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ములు, డిస్కులు చల్లారే సందు లేక కాలిపోతాయి, చేతులూ మొద్దుబారతాయి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు. నీడ మలుపులో నాచు, తడి ఆకులు, లోపలి అంచున కొట్టుకొచ్చిన గులకరాళ్లు, ఈ మూడూ ఉన్నాయనే అనుకుని వెళ్లండి, లేకపోతే సంతోషం.

అపోహ: టైర్లో గాలి ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు.

వాస్తవం: అద్దంలాంటి రోడ్డు మీద సరే. చెట్ల వేర్లు పైకి తన్ని తారు ఉబ్బిన చోట గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ కుదుపుల్లో శక్తీ పోతుంది, పట్టూ పోతుంది. 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు, కాస్త తక్కువ గాలి.

అపోహ: నీడే కదా, నీళ్లు తక్కువ చాలు, జాకెట్ అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కేటప్పుడు మెల్లగా పోతాం కాబట్టి ఒంటికి గాలి తగలదు, చెమట కారిపోతుంది. అదే చెమటతో పైనుంచి దిగితే వణుకు, వణికే వేళ్లతో బ్రేకు సరిగా పడదు. గాలి ఆపే పల్చటి జాకెట్ జేబులో పడుతుంది, పెట్టుకోండి.

అపోహ: పార్కు రోడ్డే కదా, బండ్లు ఉండవు.

వాస్తవం: చాలాచోట్ల ఉంటాయి, నడిపేవాళ్ల కళ్లు మాత్రం చెట్ల మీద ఉంటాయి. పొద్దున్నే, సందెవేళ జింకలు కూడా. ఒకటి దాటింది కదా అని తొక్కకండి, వెనక ఇంకోటి వస్తుంది.

అపోహ: లూప్ రూటు ఎటు తిప్పి తొక్కినా ఒకటే.

వాస్తవం: ఎత్తు లెక్క ఒకటే, రైడ్ ఒకటి కాదు. నిటారు వైపు ఎక్కి, మెల్లటి వైపు దిగేలా నేను రూటు పెడతాను. ఎక్కుడు కష్టం చేశావని తిట్టేవాళ్లున్నారు, పర్లేదు. రెండు వైపులా వాలు ఒకేలా ఉంటే తూర్పు వైపు దిగుతాం, పొద్దుటి ఎండ ముందు అక్కడే పడి రోడ్డు త్వరగా ఆరుతుంది.