తెగిన మోకాలి లిగమెంట్‌ని కుట్టాలా, కొత్తది వేయాలా: వెస్ట్ పాయింట్ లెక్క

"కొత్త లిగమెంట్ వేయక్కర్లేదు, తెగినదాన్నే కుట్టి నిలబెట్టొచ్చు." మోకాలి లోపల తొడ ఎముకని కింది కాలి ఎముకతో కట్టి, అది ముందుకి జారకుండా పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ గురించి ఈ మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. వినేవాళ్లకి ఆశ పుట్టించే మాటే. ఒంట్లో ఇంకోచోట కోసి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి భాగం) తీయాల్సిన పని ఉండదు కదా. కానీ సైనిక డాక్టర్లు ఒకప్పుడు ఇదే నమ్మారు, ఇదే చేశారు, తర్వాత వదిలేశారు. ఎందుకు వదిలేశారో తెలియకుండా ఇప్పటి వాదన అర్థం కాదు.

తొలి ఆపరేషన్లు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్రయోగాలు చాలామంది రాసినవే. నేరుగా న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌కి, అమెరికా సైనిక అకాడమీకి వెళ్దాం. అక్కడ క్యాడెట్లంతా ఇంచుమించు ఒకే ఈడు వాళ్లు. ఆటలు, పరుగు, కసరత్తు అందరికీ తప్పవు. ఆర్మీ సర్జన్ జాన్ ఫీగిన్ అక్కడ ఏసీఎల్ తెగిన 64 మంది క్యాడెట్లకి తెగిన కొసల్ని కుట్టే ఆపరేషన్ చేశారు. రెండేళ్లకి చూస్తే ఫలితాలు బాగానే కనిపించాయి. అక్కడితో ఆపి ఉంటే కుట్టడమే సరైన పద్ధతని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయేదేమో.

ఆయన ఆపలేదు. వాల్టన్ కర్ల్‌తో కలిసి ఐదేళ్ల తర్వాత మళ్లీ ఆ మోకాళ్లని లెక్కగట్టి 1976లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. అప్పటికి వివరాలు దొరికిన 32 మందిలో 94 శాతం మందికి మోకాలు ఎంతో కొంత జారుతూనే ఉంది. సగానికి పైగా మళ్లీ దెబ్బ తగిలించుకున్నారు. తన సొంత ఆపరేషన్ నిలబడలేదని ఒక సర్జన్ అంకెలతో సహా బయటపెట్టడం చిన్న విషయం కాదు. నా ఉద్దేశంలో ఏసీఎల్ కథ మలుపు తిరిగింది ఇక్కడే. ఆ తర్వాత సర్జన్లు క్రమంగా కుట్టడం మానేసి, మోకాలిచిప్ప కింది టెండన్ నుంచో తొడ వెనక కండరాల టెండన్ నుంచో ముక్క (గ్రాఫ్ట్) తీసి దాంతో కొత్త లిగమెంట్ వేసే పద్ధతికి మారారు.

ఏసీఎల్ తెగిందని కనిపెట్టే తీరు కూడా ఆ ఏడాదే మారింది. అదే 1976లో, అదే పత్రికలో జోసెఫ్ టోర్గ్ బృందం లాక్‌మన్ పరీక్షని వివరించింది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు 20, 30 డిగ్రీలు వంచుతారు. ఒక చేత్తో తొడని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్కని ముందుకి లాగుతారు. లిగమెంట్ బాగుంటే ఎముక టక్కున ఆగుతుంది. తెగితే ఆ ఆపు ఉండదు, మెత్తగా ముందుకి జరిగిపోతుంది. ఎమ్మారైలు వచ్చాక కూడా చెయ్యి తిరిగిన డాక్టర్ ముందు చేసేది ఈ పరీక్షే.

కుట్టడమే మేలనేవాళ్ల వాదనా ఉంది. అప్పట్లో మోకాలు తెరిచి కోసేవారు, తర్వాత కట్టు వేసి కదలనిచ్చేవారు కాదు, ఎక్కడ తెగినా ఒకేలా కుట్టేశారు. ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ సర్జరీ ఉంది, తొడ ఎముక దగ్గర ఊడిన రకాన్నే ఎంచుకోవచ్చు అంటారు. బోస్టన్‌లో మార్తా మర్రే ఇంకో కారణం పట్టుకున్నారు: కీలులోని ద్రవం రక్తపు గడ్డని కరిగించేస్తుంది, అందుకే కొసలు అతుక్కోవు. ఆవు కణజాలం నుంచి తీసిన కొల్లాజెన్ స్పాంజిని రోగి రక్తంలోనే తడిపి మధ్యలో పెట్టే ఆవిడ పద్ధతికి 2020 డిసెంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలని ఆమోదించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

దాని వెనకున్న 100 మంది ట్రయల్ చూడండి. రెండేళ్లలో ఆ మోకాలికే మళ్లీ దెబ్బ తగిలినవాళ్లు స్పాంజి పెట్టినవారిలో 14 శాతం, గ్రాఫ్ట్ వేసినవారిలో 6 శాతం. ఇంత తక్కువమందిలో ఈ తేడాని గట్టిగా తేల్చలేమని ట్రయల్ చేసినవాళ్లు అన్నారు, నిజమే. అయితే ఫీగిన్ లెక్క కూడా రెండేళ్లకి బాగానే ఉంది.

సైనికుల మోకాళ్లు ఆలస్యంగా నిజం చెప్పిన సందర్భం ఇంకొకటుంది. హవాయిలోని ట్రిప్లర్ సైనిక ఆసుపత్రిలో సొంత టెండన్‌ని, చనిపోయిన దాతల టెండన్‌ని పోల్చారు. పదేళ్లు దాటాక చూస్తే సొంతది విఫలమైంది 8.3 శాతం మందిలో, దాతలది 26.5 శాతం మందిలో. మూటలు మోస్తూ పరుగెత్తాల్సినవాడికి ఇది చిన్న తేడా కాదు.

మన దగ్గర అగ్నివీర్ ర్యాలీ కోసం 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లకి ఇందులో ఒక అంకె ముఖ్యం. 2020లో ఆ స్పాంజికి ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి దెబ్బ తగిలిన 50 రోజుల లోపువారికే ఉండేది. మోకాల్లో టప్‌మని చప్పుడొచ్చి, గంటల్లోనే వాచిపోయినా బెణికిందిలే అని పసరు కట్టు కట్టించుకుని రెండు నెలలు తిరిగితే, ఆ షరతు ప్రకారం ఆ దారి మూసుకుపోయేది. అప్పుడు ఇక మిగిలేది గ్రాఫ్టే.