సిమ్యులేటర్‌లో ఐ-16: మొద్దు ముక్కు గాడిద మీద అపోహలు, వాస్తవాలు

పొలికార్పొవ్ ఐ-16 అనే సోవియట్ యుద్ధవిమానం మొదటిసారి గాల్లోకి లేచింది 1933 డిసెంబరు 30న. 1941లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడేనాటికి పాతబడిపోయినా, ముందు వరుసలో పెద్ద సంఖ్యలో ఉన్న ఫైటర్ ఇదే. కింది లెక్కలు దాని టైప్ 24 రకాన్ని 1:6కి తగ్గించి ఆర్సీ సిమ్యులేటర్‌లో (రిమోట్‌తో ఎగరేసే విమానాల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్‌లో) పెట్టే మోడల్‌వి. రెక్క కొస నుంచి కొసకు 1.5 మీటర్లు, పొడవు 1.02 మీటర్లు.

అపోహ: త్రీడీ ఆకారం కచ్చితంగా ఉంటే ఎగరడమూ అలాగే ఉంటుంది.

మెష్, అంటే తెర మీద కనిపించే త్రీడీ ఆకారం, విమానానికి తొడిగిన చొక్కా. ఎగిరేది ఫిజిక్స్ పట్టికలో రాసిన రెక్క, తోక, బరువు, ప్రొపెల్లర్. ఐలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్క వెనకంచు పలక) తిరిగే కేంద్రాన్ని, అంటే పివట్‌ను, అది రెక్కకు అతికే హింజ్ గీత మీద పెట్టకుండా ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. స్టిక్ కదపగానే ఐలరాన్ ఊడొచ్చి ఫ్యూజ్‌లాజ్ (విమానం మొండెం) చుట్టూ గిరగిరా తిరుగుతుంది, విమానం మాత్రం ఏమీ ఎరగనట్టు చక్కగా రోల్ అవుతుంది.

అపోహ: అన్ని కొలతల్నీ 6తో భాగిస్తే చాలు.

పొడవును 6తో, రెక్క వైశాల్యాన్ని 36తో, బరువును 216తో భాగించాలి. 14.54 చదరపు మీటర్ల రెక్క 0.40 అవుతుంది, 1,941 కిలోల బరువు 9 కిలోలవుతుంది. మైదానంలో ఎగరేసే ఇదే సైజు మోడల్ 3 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. గరిష్ఠ లిఫ్ట్ గుణకం (రెక్క ఎంత ఎత్తగలదో చెప్పే అంకె) 1.1 అనుకుంటే 3 కిలోలది గంటకు 37 కి.మీ. దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఇక మోయలేక పడిపోతుంది, 9 కిలోలది 65 దగ్గర. ఏది కావాలో ముందే తేల్చుకోండి. ల్యాండింగ్ సాధనకైతే 3 కిలోలు. అసలు విమానం బరువుగా, నిబ్బరంగా మలుపు తిరిగే తీరు చూడాలంటే 9 కిలోలే. ఆ తేలికపాటిది గాలిపటంలా ఊగుతుంది.

ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత ఆకారం) డేటా కూడా మోడల్ స్థాయిదే తీసుకోవాలి. సెకనుకు 15 మీటర్ల వేగంతో, 27 సెం.మీ. కార్డ్‌కు (రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా వెడల్పుకు) రేనాల్డ్స్ సంఖ్య, అంటే సైజు, వేగాల్ని బట్టి గాలి ప్రవాహం తీరు చెప్పే అంకె, 2.7 లక్షలే. అసలు విమానానికి అది కోటి దాకా పోతుంది.

అపోహ: ఐ-16 మొండి గాడిద, సిమ్యులేటర్‌లోనూ కుదురుగా ఎగరదు.

సోవియట్ పైలట్లు దీన్ని ముద్దుగా గాడిద అనే పిలిచేవారు, నిజమే. తోక పొట్టి. ముక్కు పైకీ కిందికీ ఊగడాన్ని ఆపే శక్తి బరువు కేంద్రం (సీజీ) నుంచి తోకకున్న దూరం వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది కాబట్టి, దూరం సగమైతే ఆ శక్తి పావు వంతే మిగులుతుంది. దానికి తోడు అసలు విమానంలో సీజీ బాగా వెనక ఉండేది. మోడల్‌లో దాన్ని అలాగే దించేసి, తర్వాత ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) త్రో, అంటే అది కదిలే మేర, తగ్గించుకుంటూ పోతే రోగం ఒకటి, మందు ఒకటి.

సగటు కార్డ్ ముందంచు నుంచి 25 శాతం, అంటే 67 మి.మీ. దగ్గర సీజీ పెట్టి మొదలుపెట్టండి. చాలామంది రెక్క మొదలు దగ్గరి ముందంచు నుంచి కొలుస్తారు. బయటి రెక్క సన్నబడే విమానంలో అక్కడే లెక్క తప్పుతుంది. ఎలివేటర్ ±8 డిగ్రీలు, ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలిక మెత్తగా ఉండేలా చేసే సెట్టింగ్) 30 శాతం. ముప్పావు థ్రాటిల్‌లో ట్రిమ్ చేసి (స్టిక్ వదిలినా తిన్నగా ఎగిరేలా సరిచేసి), థ్రాటిల్ తగ్గించి 45 డిగ్రీల డైవ్‌లో స్టిక్ వదిలేయండి. గబుక్కున ముక్కెత్తితే ముందు బరువు ఎక్కువ. ఇంకా కిందికి తొక్కితే వెనక బరువు ఎక్కువ. సీజీని 5 మి.మీ. చొప్పున జరపండి, అంతకు మించి వద్దు.

అపోహ: ఒళ్లంతా రివెట్లు గీస్తే టెక్స్చర్ అసలుదనం వస్తుంది.

ఫ్యూజ్‌లాజ్ చెక్కది. బిర్చ్ పొరల్ని జిగురుతో అతికి, ఎడమ కుడి సగాలుగా చేసి కలిపేవారు. అక్కడ రివెట్ వరసలు పెడితే తెలిసినవాళ్లు నవ్వుతారు. రెక్కకు ముందు భాగంలో డ్యురాలుమిన్, వెనక బట్ట. కౌలింగ్ (ఇంజిన్ మూత) ముందు 9 రంధ్రాలు, సిలిండర్‌కు ఒకటి.

అపోహ: చక్రాలు సెకనులో ముడుచుకోవాలి.

అసలు పైలట్ చేత్తో 44 చుట్లు తిప్పేవాడు. సిమ్యులేటర్‌లో కనీసం 5 సెకన్లు ఇవ్వండి, ఆ కాసేపు చక్రాల డ్రాగ్ (గాలి అడ్డు) అలాగే ఉంచండి. రన్‌వే మీద విమానం నిలబడగానే వణికితే చక్రాల స్ప్రింగ్ బిగువు తగ్గించి, డ్యాంపింగ్ (ఊగును అణిచే సెట్టింగ్) పెంచాలి. బరువును 9 కిలోల నుంచి 3కి మార్చి, స్ప్రింగ్‌ను పాతదే ఉంచేసినప్పుడు ఈ వణుకు తరచూ వస్తుంది.