పండు ముఖంలో కాలువలు

చిరంజీవి చిట్టికి, మిగిలిన పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

చిట్టీ, నువ్వు పంపిన ఫోటోనూ, దాన్ని చూసి గీసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. "కళ్ళు, చెవులు అన్నీ పెట్టాను తాతయ్యా, అయినా మన కుక్క పండులా లేదు, ముళ్ళపందిలా ఉంది, ఎందుకు?" అని అడిగావు.

తప్పు సగం ఫోటోది. ఫోనును పండు ముక్కుకు మరీ దగ్గరగా పెట్టి తీశావు. అలా తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా పడతాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి, దాని కళ్ళ ఎత్తుకు కూర్చుని, కిటికీ వెలుగులో మళ్ళీ తియ్యి. ఫ్లాష్ వద్దు. వేస్తే దాని కళ్ళు దీపాల్లా మెరిసి, కంటిపాప కనిపించదు.

మిగతా సగం వెంట్రుకలది. అన్నింటినీ ఒకే వైపుకు గీశావు. ఇప్పుడు మన కాలువల నిండా నీళ్ళున్నాయి కదా, వాటిని తలుచుకో. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టించాడు. అక్కడి నుంచే తూర్పు, మధ్య, పడమటి డెల్టాలకు నీళ్ళు వెళ్తాయి. పండు ముక్కే ధవళేశ్వరం అనుకో. వెంట్రుకలు అక్కడ బయలుదేరి, ఒక పాయ కళ్ళ మధ్యగా నుదుటి మీదికి, ఒకటి ఎడమ బుగ్గకు, ఒకటి కుడి బుగ్గకు పోతాయి. నుదురు పల్లం కాదే అంటావేమో, కాసేపు అలాగే అనుకో. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువ, దాని నుంచి పంట బోదె. ముక్కు దగ్గర గీత పొట్టిగా ఉండాలి, మెడకు వచ్చేసరికి పొడుగవ్వాలి. నీరు పారే వైపుకే నీ పెన్సిలూ పోవాలి.

నా చిన్నప్పుడు మా నాన్న గిత్తను కొనబోతే ముందు సుడులు, అంటే వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోట్లు, చూసేవారు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నుదుటి మీదా వీపు మీదా వేలు పెట్టి చూపించేవారు. మంచి సుడి, చెడ్డ సుడి అన్న నమ్మకం నాకు తరువాత పోయింది, చూసే అలవాటు మాత్రం మిగిలింది. ఆ గిత్తను పాక గోడ మీద బొగ్గుతో ఎన్నిసార్లు గీశానో! సగం గీసేసరికి అది మేత కోసం తల తిప్పేది. మీ ఫోటో కదలకుండా కూర్చుంటుంది, అది మీకు దొరికిన వరం. అయితే ఫోటో ఉంది కదా అని ఎదురుగా ఉన్న ప్రాణిని చూడటం మానకండి.

కంటి సంగతి ఒక్కటి చెబుతాను. కంటిపాపను 6బి అనే మెత్తటి పెన్సిలుతో బాగా నల్లగా నింపు, కానీ అందులో కిటికీ వెలుగు పడే చోట చిన్న చుక్కంత కాగితాన్ని తెల్లగానే వదిలెయ్యి. అంతవరకూ గీతల కుప్పగా ఉన్నది ఉన్నట్టుండి నీ వైపు చూస్తుంది. ఇన్నేళ్ళు గీసినా, ఆ ఒక్క చుక్కకు అంత శక్తి ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు.

రేపు బడి నుంచి రాగానే పెన్సిలు ముట్టుకోకు. పండు అరుగు మీద పడుకున్నప్పుడు పక్కన కూర్చుని, ముక్కు నుంచి వెనక్కి వేలితో మెల్లగా నిమురు. ఛాతీ మీద ఎక్కడైనా సుడి ఉందేమో వెతుకు. ఉంటే, అది ఎటు తిరుగుతోందో నాకు రాయి.

ప్రేమతో,
తాతయ్య