చిలుము పట్టిన చోట మొదలైన తగవు

పాత కంప్యూటర్ల బోర్డులను మళ్లీ గీసి తయారు చేసేవారి మధ్య పాత తగవు మళ్లీ రాజుకుంది. ఒకరు నెలల తరబడి కూర్చుని, పాత కంప్యూటర్ కంపెనీలైన కమోడోర్‌దో యాపిల్‌దో ఒక మదర్‌బోర్డును పొరపొరగా గీసి, "వ్యాపారానికి వాడరాదు" అన్న షరతుతో ఆ ఫైళ్లను అందరికీ ఇస్తారు. ఇంకొకరు అవే ఫైళ్లను బోర్డులు చేసే ఫ్యాక్టరీకి పంపి, వచ్చిన కట్టను విడివిడిగా అమ్ముకుంటారు. మొదటివారు దీన్ని దొంగతనం అంటారు. తాము అమ్మింది గీసిన డ్రాయింగును కాదని, విడిభాగాన్ని అని రెండోవారు అంటారు.

కమోడోర్ 1994 ఏప్రిల్‌లో దివాలా తీయడం, ఆ పేరు ఎన్ని చేతులు మారిందన్నది ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చిన కథే కనుక ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. యాపిల్-1 నకళ్ల గురించి మాత్రం ఒక్క మాట చెప్పాలి. 1976లో సుమారు 200 మాత్రమే తయారైన ఆ బోర్డు ఒకటి 2014లో వేలంలో 9,05,000 డాలర్లు పలికింది. అసలుది అందనివారు దాన్ని పోలినది చేయించుకున్నారు. అక్కడ నకలు ఒక చోట, అసలుది ఇంకో చోట, రెండూ క్షేమంగా ఉంటాయి. ఇప్పటి తగవుకు మూలం అందులో లేదు. నకలు వెళ్లి అసలు యంత్రం లోపలే కూర్చోవలసి వచ్చినప్పుడు అది మొదలైంది. ఆ అవసరాన్ని తెచ్చిపెట్టింది ఒక చిన్న బ్యాటరీ.

కమోడోర్ చేసిన 1987 నాటి అమిగా 2000, 1991 నాటి అమిగా 500 ప్లస్, 1992 నాటి అమిగా 4000 వంటి యంత్రాల్లో గడియారం నడవడానికి 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డుకే సోల్డర్ (టంకం) పెట్టి అతికించారు. యంత్రం నడిచినంతసేపు అది ఛార్జి అవుతూ ఉంటుంది. నడపడం మానేసి అటక మీద పెడితే ఏళ్లు గడిచేకొద్దీ దాని సీలు వదులై లోపలి ద్రవం బయటికి వస్తుంది. అందరూ దాన్ని యాసిడ్ అంటారు గానీ అది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం. శుభ్రం చేసేవారు ముందుగా వెనిగర్ రాసేది అందుకే. ఆ ద్రవం ఉన్నచోట ఉండదు. ఆకుపచ్చ పూత కిందికి దూరి, రాగి ట్రాక్ వెంట పాకి, ఒక పొర నుంచి ఇంకో పొరకు పోయే సన్నని రంధ్రాల్లోకి దిగుతుంది. పైకి చూస్తే బ్యాటరీ చుట్టూ నీలి-ఆకుపచ్చ చిలుము, మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగిన సోల్డర్ కనిపిస్తాయి. ట్రాక్ మీద సూదితో తేలిగ్గా గీస్తే పూత పొట్టులా లేస్తుంది, దాని కింద రాగికి బదులు నల్లటి పొడి రాలుతుంది. అమిగా 2000లో ఈ బ్యాటరీ ఉన్నది ప్రాసెసర్ సాకెట్‌కు దగ్గరలోనే.

యాపిల్ చేసిన మాకింటాష్ ఎస్‌ఈ/30ది మరో రకం దుస్థితి. 1989లో వచ్చిన ఆ యంత్రంలో లిథియం సెల్ పగిలితే బోర్డుతోపాటు లోపలి ఇనుప చట్రం కూడా తుప్పు పడుతుంది. సెల్ పగలకపోయినా బోర్డు మీది చిన్న కెపాసిటర్లు కారి, ధ్వనినో వీడియోనో ముందు పాడుచేస్తాయి.

నాలుగైదు ట్రాకులు తెగితే తెగినచోట్లను కలిపే జంపర్ తీగలు వేసి యంత్రాన్ని లేపవచ్చు. ముప్పై తెగి, రంధ్రాల లోపలి రాగి కూడా పోతే ఆ పని చేసేవారికే విసుగు పుడుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అలాంటి యంత్రాల్లో చాలావాటిలో చిప్‌లు బతికే ఉంటాయి, చచ్చేది వాటిని మోసే పలక. అమిగాలో చిత్రాలను, ధ్వనిని చూసుకునే ఆగ్నస్, డెనిస్, పౌలా వంటి ప్రత్యేక చిప్‌లను ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. వాటికి కొత్త పలక దొరికితే యంత్రం మళ్లీ నడుస్తుంది, దొరకకపోతే మంచి చిప్‌లు కూడా చెత్తలోకి పోతాయి. కొత్త బోర్డు అన్నది బీరువాలో దాచుకునే ముచ్చట స్థాయి దాటి విడిభాగంగా మారింది ఈ దశలోనే. ఈ మార్పును గుర్తించకుండా షరతుల గురించి ఎంత వాదించుకున్నా తేలేది ఏమీ ఉండదని నా అభిప్రాయం.

విడిభాగం ఎవరు చేయవచ్చన్న ప్రశ్న కంప్యూటర్ల కంటే ముందే కార్ల దగ్గర వచ్చింది. బ్రిటిష్ లేలాండ్ తన మోరిస్ మరీనా కారు సైలెన్సర్ గొట్టాల డ్రాయింగుల మీద కాపీరైట్ తనదని, ఆ గొట్టాన్ని చూసి అదే ఆకారంలో గొట్టాలు చేసి అమ్మిన ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ తనకు రాయల్టీ కట్టాలని కోర్టుకెక్కింది. 1986లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. డ్రాయింగుల మీద కాపీరైట్ ఉన్నా, కారు కొన్నవాడికి దాన్ని బాగుచేయించుకునే హక్కు ఉంటుందని, కారు అమ్మిన కంపెనీ ఆ హక్కును వెనక్కి లాక్కోలేదని దాని సారాంశం. రెండేళ్లకు బ్రిటన్ కాపీరైట్ చట్టాన్నే తిరగరాసింది. ఆ 1988 చట్టంలోని 51వ సెక్షన్ ప్రకారం, కళాఖండం కాని వస్తువును దాని డిజైన్ పత్రాన్ని అనుసరించి తయారు చేసినా, ఆ వస్తువును చూసి మళ్లీ చేసినా, డిజైన్ పత్రం మీది కాపీరైట్‌ను ఉల్లంఘించినట్టు కాదు.

సైలెన్సర్ గొట్టానికి వర్తించేది సర్క్యూట్ బోర్డుకు వర్తిస్తుందా అన్న అనుమానం 1999లో తీరింది. ఆడియో మిక్సర్లు చేసే మాకీ కంపెనీ, తన సర్క్యూట్‌ను మరో కంపెనీ బెరింజర్ కాపీ కొట్టిందంటూ లండన్‌లో దావా వేసింది. సర్క్యూట్ పటం కూడా డిజైన్ పత్రమేనని, కాబట్టి దానిలోని సమాచారంతో బోర్డు చేసినవారికి 51వ సెక్షన్ రక్షణ ఉందని న్యాయమూర్తి తేల్చారు. ఈ తీర్పు వచ్చిన నాటికి అమిగా బ్యాటరీల కారుడు ఇంకా పెద్ద సమస్య కాలేదు గానీ, నేటి వాదనకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన కేసు నాకు కనబడలేదు.

అమెరికా చట్టం వేరే దారిలో దాదాపు ఇక్కడికే చేరుతుంది. ఉపయోగపడే వస్తువు డ్రాయింగుకు కాపీరైట్ ఉన్నంత మాత్రాన, ఆ వస్తువును తయారు చేయడం మీద హక్కు రాదు. తన ప్రోగ్రాములను కాపీ చేసిందని ఫ్రాంక్లిన్ కంపెనీ మీద యాపిల్ వేసిన కేసును దీనికి ఎదురుగా తెస్తుంటారు, కానీ 1983లో అప్పీల్ కోర్టు తీర్పు చెప్పింది రోమ్ (చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని మెమరీ) చిప్‌లలో ఉన్న ప్రోగ్రాముల గురించి, బోర్డు మీది రాగి గురించి కాదు. కొత్త బోర్డులను ఖాళీగానే అమ్ముతారు కనుక, పాత యంత్రం నుంచి ఊడదీసిన రోమ్ చిప్‌నే కొత్త సాకెట్‌లో పెట్టుకుంటే ఆ గొడవే రాదు.

బోర్డులు గీసేవారి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగు పొరల బోర్డును మళ్లీ గీయాలంటే దాని మీది ప్రతి చిప్‌ను, కెపాసిటర్‌ను ఊడదీసి, ఆకుపచ్చ పూతను గీకి స్కాన్ చేసి, ఆపై రాగిని, గాజుపీచును గరుకు కాగితంతో తడిపి అరగదీస్తూ లోపలి పొరలు చేరాలి. ఆ బోర్డు తిరిగి రాదు. అందుకే పనికిరాకుండా పోయినదాన్నే ఇందుకు బలి ఇస్తారు. స్కానర్ సాగదీసిన చిత్రాన్ని, చిప్ కాళ్ల మధ్య 2.54 మిల్లీమీటర్ల దూరాన్ని ఆధారం చేసుకుని సరిచేయాలి. 1992లో మొదలై, 2013 నుంచి యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ కూడా చేయి వేసిన, బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ ఉచితంగా దొరకకపోతే ఇంత పని ఇళ్లలో సాగేది కాదు. చివర్లో మీటర్ పెట్టి కాలు కాలుకూ కంటిన్యుటీ, అంటే కరెంటు దారి ఎక్కడా తెగలేదా అన్నది, చూసుకోవాలి. ఇంత కష్టపడినవారికి, అమ్మేవారు కనీసం ఒక మాట అడగాలనిపించడం సహజం. కానీ కష్టపడటం వేరు, హక్కు కలగడం వేరు. ఆ ట్రాకులను మొదట ఏ ఇంజినీరు అలా మలిచాడో, ఆయన పనిచేసిన కంపెనీని ఈ గీసినవారెవరూ అనుమతి అడగలేదు. అడగనవసరం లేదని వారు చెప్పే కారణాన్నే అమ్మేవారు వారికి తిరిగి అప్పజెబుతున్నారు.

ఫైళ్లకు పెట్టే షరతుల్లోనూ ఇదే చిక్కు ఉంది. రచనలను అందరితో పంచుకోవడానికి వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో వ్యాపారాన్ని నిషేధించే రకం ఎక్కువగా కనిపిస్తుంది. కాపీరైట్ అనుమతి అవసరమైన చోటే ఆ లైసెన్స్ పనిచేస్తుందని దాని పాఠంలోనే ఉంది. చట్టం ఇచ్చే మినహాయింపు వర్తించే చోట దాని షరతులు వర్తించవు. అంటే ఫైలును యథాతథంగా తమ పేజీలో పెట్టుకోవడాన్ని అది ఆపగలదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పలకను అమ్మడాన్ని ఆపగలదా అన్నది అనుమానమే. సెర్న్ 2011లో హార్డ్‌వేర్ కోసం సొంతంగా లైసెన్స్ రాసింది, 2020లో దాన్ని మూడు రకాలుగా సవరించింది. ఆ మూడింటిలో ఏదీ అమ్మకాన్ని నిషేధించదు. ఇటు ఓపెన్ హార్డ్‌వేర్ (డిజైన్‌ను అందరికీ తెరిచి ఇచ్చేది) అని పేరు పెట్టుకుని, అటు అమ్మరాదని రాయడం పొసగదు, ఎందుకంటే ఓపెన్ హార్డ్‌వేర్ నిర్వచనం వ్యాపార వినియోగాన్ని అడ్డుకునే షరతును ఒప్పుకోదు. పాత కంపెనీ గుర్తును బోర్డు మీద అచ్చు వేయడం మాత్రం ట్రేడ్‌మార్క్ వ్యవహారం, అందులో గీసినవారూ అమ్మినవారూ ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు.

చూసి గీసింది కాక గీసినవారు తమ సొంతమని చెప్పుకోగలిగేది వారు చేసిన మార్పులనే. బ్రిటన్‌లో వాటికి, కాపీరైట్‌కు వేరైన డిజైన్ హక్కు రావచ్చు. వచ్చినా అది అమ్మకానికి పెట్టినప్పటి నుంచి పదేళ్లు మాత్రమే, అందులో చివరి ఐదేళ్లు అడిగిన ఎవరికైనా లైసెన్స్ ఇవ్వాలి. పైగా ఆ రంగంలో సర్వసాధారణమైన డిజైన్‌కు ఆ హక్కే లేదు. కొత్త బోర్డుల్లో తరచుగా కనిపించే మార్పు, కారే బ్యాటరీ స్థానంలో నాణెం ఆకారపు సెల్‌కు ఒక హోల్డర్, ఆ సెల్ ఛార్జి కాకుండా అడ్డంగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక డయోడ్.